దారి చూపే అక్కలు

పిల్లలూ! మీరు ఎప్పుడైనా కొండ ఎక్కారా? తిరుమల మెట్లదారిన నడిచారో, ఊరి బయట గుట్ట మీది గుడికి పోయారో, ఏదో ఒక కొండ మీలో చాలామంది ఎక్కే ఉంటారు. అయితే ఒక ప్రశ్న అడుగుతాను, చెప్పండి. కొండ ఎక్కటంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏది?

నిటారుగా ఉన్న చోట పాకటం అంటారు కొందరు. మూట మోయటం అంటారు ఇంకొందరు. చలికి తట్టుకోవటం అనేవాళ్ళూ ఉంటారు. ఇవన్నీ కష్టమైనవే. కాని కొండల్లోనే బతుకు గడిపేవాళ్ళను అడిగితే మరొక జవాబు చెబుతారు. ఆ జవాబు నేను ఇప్పుడే చెప్పను. ఈ నెల కబుర్లు ముగిసేలోగా మీకే తెలుస్తుంది.

మనకు తెలియని కొండల్లోకి పోవాలంటే దారి తెలిసిన మనిషి ఒకరు వెంట ఉండాలి. ఆ మనిషినే గైడు అంటారు. గైడు పని ముందు నడవటం ఒక్కటే అనుకోకండి. ఆకాశం చూసి వాన వస్తుందో రాదో చెప్పాలి. వాగు ఎక్కడ దాటాలో, ఎప్పుడు దాటాలో తెలియాలి. తాడు ముడి వేయటం రావాలి. కాలు బెణికితే కట్టు కట్టాలి. అందరికన్నా వెనక పడిపోయిన మనిషి ముఖం చూసి, ఆ మనిషి నోరు విప్పకముందే సంగతి కనిపెట్టాలి.

ఈ పని చాలాకాలం మగవాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. ఫ్రాన్సు దేశంలో షమొనీ అనే కొండ ఊరు ఉన్నది. అక్కడి గైడులు 1821లో ఒక సంఘం పెట్టుకున్నారు. లోకంలోకెల్లా పాత గైడుల సంఘం అదే. మరి ఆ దేశంలో ఒక స్త్రీ పరీక్షలన్నీ గెలిచి గైడు అయినది ఎప్పుడో తెలుసా? 1983లో! ఆమె పేరు మార్టిన్ రోలాండ్. పొరుగున ఉన్న స్విట్జర్లాండులో నికోల్ నికీ అనే ఆమె 1986లో గైడు అయింది. అంటే షమొనీలో సంఘం పుట్టిన తరవాత నూట అరవై ఏళ్ళు గడిస్తేగాని ఆ తలుపు తెరుచుకోలేదన్నమాట.

పోనీ, అంతకుముందు ఆడవాళ్ళు కొండలు ఎక్కలేక ఊరుకున్నారా? అదేం కాదు. 1871లోనే లూసీ వాకర్ అనే ఇంగ్లీషు వనిత మాటర్‌హార్న్ అనే భయంకరమైన శిఖరం ఎక్కింది. ఇక మన హిమాలయాల సంగతి చెప్పనే అక్కరలేదు. అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళు గడ్డిమోపులూ, కట్టెలమోపులూ వీపున వేసుకుని ఏటవాలు దారుల్లో ఎక్కుతూ దిగుతూ ఉంటారు. కాళ్ళకు బలం లేక కాదు, ఆ పని మీది కాదు అనే మాట అడ్డం వచ్చి వాళ్ళు ఆగిపోయారు.

ఆ మాటను లెక్కచేయని అక్కచెల్లెళ్ళ కథ ఒకటి ఉన్నది. నేపాల్‌లో పోఖరా అని ఒక ఊరు. పెద్ద చెరువు, ఆ చెరువు వెనక తెల్లగా మెరిసే అన్నపూర్ణ శిఖరాలు—చూడముచ్చటగా ఉంటుంది. అక్కడ లక్కీ, డిక్కీ, నిక్కీ ఛెత్రీ అనే ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఒక చిన్న వసతిగృహం నడిపేవారు. కొండల్లో నడవటానికి దేశదేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు అక్కడ దిగేవారు. తిరిగి వచ్చాక వాళ్ళలో కొందరు దిగులుగా ఉండేవారు. ఏమని అడిగితే, వెంట వచ్చిన గైడు మర్యాదగా నడుచుకోలేదనీ, దారి పొడుగునా భయపడుతూనే నడిచామనీ చెప్పేవారు.

ఇలాంటి మాటలు విని అక్కచెల్లెళ్ళు ఊరుకోలేదు. ఆడవాళ్ళకు దారి చూపటానికి ఆడవాళ్ళే ఎందుకు పోరాదు అనుకున్నారు. 1994లో తామే ఆ పని మొదలుపెట్టారు. 1999లో ఒక సంస్థ పెట్టి, పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు గైడు పని నేర్పసాగారు. ప్రథమ చికిత్స, కొండజబ్బుల గుర్తులు, చెట్లూ పక్షుల పేర్లు, వచ్చినవారితో నాలుగు ముక్కలు మాట్లాడేటంత ఇంగ్లీషు—ఇవన్నీ ఆ చదువులో పాఠాలే. చదువు అయ్యాక ఆ పిల్ల అనుభవమున్న గైడు వెంట సహాయకురాలిగా నడిచి, పని చేస్తూ పని నేర్చుకుంటుంది. కొత్తవాళ్ళ ఎదుట తల ఎత్తి మాట్లాడటానికి బెదిరిన పిల్లలే, కొన్నాళ్ళకు పదిమందిని వెంటబెట్టుకుని కొండ దాటించగలిగారు. చేతికి వచ్చిన జీతం వాళ్ళ సొంతం.

మన దేశానికి ఉత్తరపు కొసన ఉన్న లడాఖ్‌లో కూడా ఇలాంటిదే జరిగింది. తక్‌మాచిక్ అనే చిన్న పల్లెలో పుట్టిన థిన్లస్ చొరోల్‌కు చిన్నప్పటి నుంచీ కొండలే లోకం. ఆమె గైడు పని నేర్చుకున్నది. కాని ఆడపిల్ల నాలుగేసి రోజులు కొత్తవాళ్ళతో కొండల్లో తిరగటమా అని పని ఇవ్వటానికి వెనకాడినవారు ఉన్నారు. ఆమె 2009లో లేహ్ పట్టణంలో తనే ఒక కంపెనీ పెట్టింది. దాన్ని నడిపేదీ, దారి చూపేదీ అందరూ ఆడవాళ్ళే.

ఇంతకూ గైడు పని ఎలా ఉంటుందో చూడకుండా మాటలు చెప్పుకుంటే ఏం లాభం? రండి, ఊహలో మనం కూడా లడాఖ్ పోదాం. మన వెంట ఒక గైడు అక్క ఉన్నదనుకోండి.

విమానం దిగగానే మీరంతా కొండల వైపు పరుగెత్తబోతారు. అక్క పోనివ్వదు. "ఇవాళా రేపూ విశ్రాంతి. నీళ్ళు తాగండి, మెల్లిగా నడవండి," అంటుంది. మీకు కోపం వస్తుంది. కాని ఆమె మాటకు కారణం ఉన్నది. లేహ్ పట్టణం సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున, అంటే సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి పలచన.

ఎందుకు పలచన? ఇంట్లో ఉన్న దూదిపరుపులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. అన్నిటికన్నా అడుగున ఉన్న పరుపు పైవాటి బరువుకు అణిగి గట్టిపడుతుంది. పైన ఉన్న పరుపు పొంగుగానే ఉంటుంది. గాలి కూడా అంతే. సముద్రపు ఒడ్డున ఉన్న గాలి మీద పైనున్న గాలి బరువంతా పడి అది చిక్కగా ఉంటుంది. పైకి పోయినకొద్దీ మీద పడే బరువు తగ్గి గాలి పలచబడుతుంది. గాలిలో ప్రాణవాయువు పాలు మాత్రం మారదు. నూటికి 21 పాళ్ళు విశాఖపట్నంలోనూ అంతే, లేహ్‌లోనూ అంతే. కాని ఒక్క గుక్కలో మీకు అందే గాలే తక్కువ. లేహ్‌లో అది సముద్రతీరాన దొరికేదానిలో మూడింట రెండు వంతులు. 5,500 మీటర్ల ఎత్తున సగం. ఎవరెస్టు శిఖరం మీద మూడో వంతు మాత్రమే!

మన శరీరం ఈ లోటుకు అలవాటు పడగలదు. ముందు ఊపిరి వేగం పెరుగుతుంది. తరవాత కొన్ని వారాలకు రక్తంలో ఎర్రకణాలు హెచ్చుతాయి. కాని దానికి వ్యవధి ఇవ్వాలి. అందుకని కొండలు తెలిసినవాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. 3,000 మీటర్లు దాటిన తరవాత, ఇవాళ రాత్రి పడుకునే చోటు నిన్న పడుకున్న చోటుకన్నా 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కకుండా అదే చోట మరొక రాత్రి ఆగాలి.

సరే, విశ్రాంతి అయింది. నడక మొదలయింది. రాత్రి ఒక పల్లెలో, ఒక ఇంట్లో బస. ఇంటావిడ "జూలే" అని పలకరిస్తుంది. వాళ్ళ భాషలో నమస్కారం అన్నమాట. వేయించిన యవల పిండీ, ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ పెడుతుంది. గైడు అక్కకు వంటింట్లోకి చనువుగా పోయే వీలుంది గనక, పైన మంచు ఎంత కరిగిందో, ఏ వంతెన కొట్టుకుపోయిందో నిముషంలో తెలుసుకుని వస్తుంది.

ఇంకా చీకటి ఉండగానే అక్క మిమ్మల్ని లేపుతుంది. "ఇంత పెందలాడే ఎందుకు?" అని గొణుగుతారు. మూడు మైళ్ళ దూరంలో ఒక వాగు ఉన్నది. తెల్లవారుజామున అది మోకాలి లోతే. పగలు ఎండ కాసినకొద్దీ పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి అదే వాగు నడుము లోతై మనిషిని ఈడ్చుకుపోతుంది. వాగు అదే, చోటు అదే, మారింది గడియారమే. చూశారా, దారి తెలియటం అంటే ఏ వైపు పోవాలో తెలియటమే కాదు, ఎప్పుడు పోవాలో తెలియటం కూడా.

నాలుగో రోజు సాయంత్రం 4,300 మీటర్ల ఎత్తున గుడారాలు వేసుకున్నారు. మర్నాడు అయిదు వేల మీటర్లు దాటిన ఒక కనుమ ఎక్కి అవతలికి దిగాలి. అందరికీ ఉత్సాహంగా ఉన్నది. మీకు మాత్రం తల దిమ్ముగా ఉన్నది. అన్నం మీదికి మనసు పోవటం లేదు. కాని ఎవరికీ చెప్పరు. చెబితే తనవల్ల అందరి సరదా పాడవుతుందని మీ భయం. తినకుండానే కంచం పక్కకు పెట్టి గుడారంలో దూరబోతారు.

"ఆగు తమ్ముడూ," అంటుంది అక్క. "టీ కూడా తాగలేదే? తల నొస్తున్నదా?"

"లేదక్కా," అంటారు మీరు.

అక్క తిట్టదు. నేల మీద కర్రతో గీత గీస్తుంది. "ఈ గీత మీద ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు తగిలేలాగా నడిచి చూపించు," అంటుంది. ఇది ఆట కాదు, పరీక్ష. పలచని గాలివల్ల మెదడు వాచటం మొదలైతే మనిషి తిన్నగా నడవలేడు, తూలిపోతాడు. అది ప్రాణానికే ముప్పు. మీరు తిన్నగానే నడిచారు. అంటే జబ్బు ఇంకా ముదరలేదు. కాని తలనొప్పి ఉండగా ఒక్క అడుగు కూడా పైకి వేయరాదు. అక్క మీకు నీళ్ళు తాగించి పడుకోబెట్టి, రాత్రి రెండుసార్లు దీపం పట్టుకుని వచ్చి చూసింది. తెల్లవారుజామున మీకు వాంతి అయింది.

అక్క అందరినీ పిలిచి, "ఇవాళ కనుమ లేదు. కిందికి దిగుతున్నాం," అన్నది.

అందరి ముఖాలూ వాడిపోయాయి. ఒక పెద్దమనిషి మండిపడ్డాడు. "అంత దూరం నుంచి అంత డబ్బు పోసి వచ్చాం. కనుమ అదుగో కనిపిస్తూనే ఉన్నది. నాలుగు గంటల నడక! పిల్లవాణ్ణి ఎవరైనా ఎత్తుకుంటే సరిపోదూ?"

అక్క గొంతు పెంచలేదు. "బాబుగారూ, ఈ జబ్బుకు మొదటి మందు కిందికి దిగటమే. పైకి పోతే ఇతను మనకు దక్కకపోవచ్చు. కనుమను ఎవరూ ఎత్తుకుపోరు. రండి," అని మూట భుజాన వేసుకుని, మీ చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

ఎండ ఎక్కేసరికి అయిదువందల మీటర్లు దిగారు. మీ తలనొప్పి మంచులాగా కరిగిపోయింది. మధ్యాహ్నానికి, "అక్కా, తినటానికేమైనా ఉందా?" అని మీరే అడిగారు. అది విని అందరికన్నా ముందు నవ్వినది ఆ పెద్దమనిషే.

ఇప్పుడు తెలిసిందా నా ప్రశ్నకు జవాబు? కొండ ఎక్కటంలో అన్నిటికన్నా కష్టమైన పని, శిఖరం కళ్ళ ఎదుట కనిపిస్తూ ఉండగా వెనక్కు తిరగటం. దానికి కాలి బలం చాలదు. జబ్బు గుర్తులు తెలిసిన చదువు కావాలి. పదిమంది కోపగించుకున్నా మాట మార్చని గుండె కావాలి. ఈ రెండూ నేర్చుకుంటే వచ్చేవే. మగపిల్లవాడైనా, ఆడపిల్ల అయినా నేర్చుకోవచ్చు.

వెనక్కు తిరగటం పిరికివాళ్ళ పని అని మీలో ఎవరైనా అనుకుంటే, బచేంద్రీ పాల్ సంగతి వినండి. ఆమె ఉత్తరకాశి దగ్గర నాకురీ అనే పల్లెలో 1954లో పుట్టింది. సంస్కృతంలో ఎం.ఏ. చదివి, బి.ఎడ్. కూడా పాసయింది. బడిపంతులమ్మ అవుతుందని ఇంటివాళ్ళు అనుకున్నారు. ఆమె మాత్రం ఉత్తరకాశిలో 1965లో ఏర్పడిన నెహ్రూ పర్వతారోహణ సంస్థలో చేరి కొండలెక్కటం నేర్చుకున్నది. 1984లో ఎవరెస్టుకు పోయే భారతదళంలో ఆమెకు చోటు దొరికింది.

ఆ ఏడు మే 15వ తేదీ రాత్రి, 7,000 మీటర్లకు పైన వేసిన శిబిరం మీద మంచుకొండ చరియ విరిగిపడింది. గుడారాలు నుజ్జయిపోయాయి. బచేంద్రీ తలకు వెనకవైపు దెబ్బ తగిలి, కదలటానికి లేకుండా మంచులో కూరుకుపోయింది. తోటివాడు ఒకడు చాకుతో గుడారం కోసి, మంచు తవ్వి ఆమెను బయటికి లాగాడు. దెబ్బలు తగిలినవాళ్ళు చాలామంది కిందికి దిగిపోయారు. భయం వేసిందా అని నాయకుడు అడిగితే ఆమె వేసిందనే ఒప్పుకున్నది. దిగిపోతావా అంటే మాత్రం పోనన్నది.

అసలు సంగతి ఇంకా ముందున్నది. మే 22న ఆమె సుమారు 7,900 మీటర్ల ఎత్తున ఉన్న చివరి శిబిరం చేరుకున్నది. మర్నాడే శిఖరం. ఇంకొకరయితే గుడారంలో ఒళ్ళు దాచుకునేవారే. కాని తోటివాళ్ళు కొందరు ఇంకా కింద దారిలో ఉన్నారు. ఆమె ఒక ఫ్లాస్కులో పళ్ళరసం, మరొక ఫ్లాస్కులో వేడి టీ పోసుకుని, ఎదురు గాలిలో వాళ్ళ కోసం కిందికి దిగి వెళ్ళింది! ఇంత అపాయానికి ఎందుకు పూనుకున్నావని వాళ్ళు ఆశ్చర్యపోయారు. ఆమెకు అందులో వింత ఏమీ తోచలేదు. తానూ అందరిలాగానే కొండలెక్కే మనిషి, ఒంట్లో శక్తి ఉన్నది, తోటివారికి సాయపడక ఏంచేయాలి అన్నదే ఆమె జవాబు.

మర్నాడు, 1984 మే 23న, మధ్యాహ్నం 1 గంట 7 నిముషాలకు ఆమె ఎవరెస్టు మీద నిలబడింది. ఎవరెస్టు ఎక్కిన మొదటి భారత స్త్రీ ఆమే. తెల్లవారితే ఆమెకు ముప్ఫయ్యో పుట్టినరోజు.

అంత పేరు వచ్చాక ఆమె ఏం చేసింది? పంతులమ్మే అయింది! కాని ఆమె బడికి గోడలు లేవు. జంషెడ్‌పూర్‌లోని టాటా స్టీల్ సాహస సంస్థను నడుపుతూ ఎందరికో కొండలలో పాఠం చెప్పింది. ప్రేమలతా అగర్వాల్ అనే ఇల్లాలు, ఇద్దరు ఆడపిల్లల తల్లి, ఆమె దగ్గర నేర్చుకుని 2011లో తన 48వ ఏట ఎవరెస్టు ఎక్కింది. రైలులోనుంచి దొంగలు తోసివేయగా ఎడమకాలు పోగొట్టుకున్న అరుణిమా సిన్హా ఆమె దగ్గరికే వచ్చింది. 2013లో కట్టుడుకాలితో ఎవరెస్టు ఎక్కి వచ్చింది.

మన తెలుగుపిల్లలకూ ఇందులో పాలు ఉన్నది. హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే దారిలో భువనగిరి కోట మీరు చూసే ఉంటారు. ఏనుగు వీపులాగా నున్నగా లేచిన ఒకే పెద్ద రాతిగుండు మీద ఆ కోట ఉన్నది. ఆ రాతి మీదనే ఇప్పుడు పిల్లలకు తాళ్ళు కట్టుకుని ఎక్కటం నేర్పుతున్నారు. నిజామాబాదు జిల్లాలో పాకాల అనే పల్లెపిల్ల మాలావత్ పూర్ణ మొదట ఎక్కటం నేర్చినది ఆ రాతి మీదే. తరవాత డార్జిలింగులోనూ, లడాఖ్ చలిలోనూ సాధన చేసి, 2014 మే 25న, పద్నాలుగో ఏడు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. ఆమె మొదటి పాఠానికి మంచుకొండ అక్కరలేకపోయింది. మన ఊరి రాయే చాలింది.

కనుక మీరు కూడా మంచుకొండల దాకా ఆగనక్కరలేదు. ఈసారి బడిపిల్లలంతా కలిసి ఊరిగుట్ట ఎక్కేటప్పుడు ఒకరిని గైడుగా పెట్టుకోండి. ప్రతిసారీ అబ్బాయిలనే పెట్టకండి, వంతు వేసుకోండి. పెద్దవాళ్ళను ఒకరిని తప్పక వెంట తీసుకుపోండి. అందరికన్నా మెల్లిగా నడిచేవాణ్ణి ముందు నడవనివ్వండి. మిగతావాళ్ళు అతని వేగంతోనే నడవండి. అప్పుడు ఎవరూ వెనకబడరు. బాగా నడవగలవాళ్ళలో ఒకరు అందరికన్నా చివర ఉండండి. బయలుదేరేటప్పుడు ఎందరో, దిగాక ఎందరో లెక్కపెట్టుకోండి. ఎక్కకముందే, "ఫలానా గంటకు ఎక్కడున్నా సరే వెనక్కు తిరగాలి" అని నిర్ణయించుకోండి. చెప్పు కరిచినా, కాలు నొచ్చినా, కడుపులో తిప్పినా దాచకుండా చెప్పండి. చెప్పినవాణ్ణి చూసి నవ్వకండి.

ఒకవేళ మీ గైడు, "ఇక చాలు, దిగుదాం" అన్నదనుకోండి. గుడి గోపురం వంద అడుగుల దూరంలోనే కనబడుతున్నా సరే, మారుమాట లేకుండా తిరగండి. కిందికి వచ్చి లెక్కపెట్టుకుంటే ఎందరు ఎక్కారో అందరూ ఉంటారు. గైడుకు అదే శిఖరం.